మూడు సంచికల్లో మనిషి చెడిపోతాడా?

మూడు సంచికల్లో ఏ మనిషీ అంతగా చెడిపోడని నేను మా అమ్మాయితో గంటసేపు వాదించిన ఆదివారంనాడే మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ మీద సర్వాధికారాలు నాకు దఖలుపడ్డాయి.

వాదన గ్రీన్ లాంతర్ కామిక్ గురించి. 1994లో వెలువడిన 48, 49, 50 సంచికల్లో హాల్ జోర్డాన్ అనే వీరుడు, తన కోస్ట్ సిటీ సర్వనాశనమైపోయిందన్న దుఃఖంతో, వేలి ఉంగరంలోని శక్తితో ఆ ఊరిని మనుషులతో సహా మళ్లీ నిలబెట్టబోతాడు. శక్తిని సొంతానికి వాడుకున్నందుకు, ఇలాంటి ఉంగరాలను తయారుచేసి వీరులకు ఆ అధికారం ఇచ్చిన సంరక్షకులు మందలించి రమ్మంటారు. ఆయన వెళ్తాడు గానీ, దారికి అడ్డొచ్చిన తోటి లాంతర్ల, అంటే తనలాంటి ఉంగరపు వీరుల, ఉంగరాలను ఒక్కొక్కటే ఊడబెరికి తన వేళ్లకు తొడుక్కుంటూ వెళ్లి, ఆ శక్తికంతటికీ మూలమైన మహాలాంతరునే తనలో కలిపేసుకుంటాడు. 1959 నుంచి బుద్ధిగా లోకాన్ని కాపాడుతున్న మనిషి మూడు నెలల్లో ఇలా తయారయ్యాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఊరు పోయింది కదా నాన్నా, కారణం ఉంది" అంది మా అమ్మాయి.

"కారణం వేరు, సాకు వేరు" అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చి, మరోసారి అన్నాను.

పిల్లలు రాత్రి 2 గంటల దాకా మేలుకుంటున్నారని, రోజూ పడుకోబోయే ముందు పాస్‌వర్డ్ మార్చే బాధ్యతను ఆ సాయంత్రమే మా ఆవిడ నాకు అప్పగించింది. మొదటిరోజు మార్చాను, తెల్లవారగానే చెప్పేశాను, అంతవరకు వీరుణ్నే. రెండోరోజు పక్కబట్టలు మడతపెట్టలేదన్న కారణంతో మధ్యాహ్నం దాకా చెప్పలేదు. సాయంత్రం మా అబ్బాయి, ఎవరూ అడగకుండానే, గ్లాసుడు మంచినీళ్లు రెండు చేతులతో పట్టుకొచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆ నీళ్లంత తియ్యటి నీళ్లు నా జన్మలో తాగలేదు. ఊరు తగలబడితే మనిషి చెడిపోతాడని రాసిన రచయితలకు ఈ అడగని మంచినీళ్ల సంగతి తెలిసినట్టు లేదు.

మూడోరోజు, నా పాత చొక్కాను ఇల్లు తుడిచే గుడ్డగా మార్చినందుకు, మా ఆవిడకు కూడా పాస్‌వర్డ్ నిరాకరించాను.

"ఏమండీ, ఈ అధికారం మీకిచ్చిందే నేను" అంది ఆవిడ శాంతంగా. నాకు సంరక్షకులు గుర్తుకొచ్చారు, కానీ లొంగలేదు. పైగా ఆ రాత్రి, ఎవరి ఊహకూ అందకూడదని, అంకెలూ అక్షరాలూ గుర్తులూ కలగలిపి 16 స్థానాల పాస్‌వర్డ్ పెట్టి, రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లే తాళానికి కూడా దాన్నే ఖాయం చేసి, ఒక పసుపు చీటీ మీద రాసి, ఆ కామిక్ పుస్తకంలోనే అతికించాను.

మర్నాడు ఉదయం 9 గంటలకు ఆఫీసువారి వీడియో సమావేశం. పుస్తకం తెరిస్తే చీటీ లేదు. జిగురు ఆరి ఎక్కడో రాలిపోయి, నా పాత చొక్కా చేతుల్లోనే ఊడ్చుకుపోయి ఉంటుంది. గుర్తున్నంతవరకు 11 రకాలుగా కొట్టి చూశాను. హాల్ ఉంగరం పసుపురంగు వస్తువు మీద పనిచేయదని చదివి, అదేం శక్తి అని నవ్వినవాణ్ని నేనే.

"ఇదంతా నేను చేసింది కాదమ్మా, ఏదో పూనింది" అన్నాను మా అమ్మాయితో. నిజానికి హాల్‌కూ అలాగే తేల్చారు: 2004లో మొదలైన కథలో, ఆయన లోపల పారలాక్స్ అనే పసుపుపచ్చని భయభూతం దూరిందనీ, పాపమంతా దానిదేననీ రాశారు.

"ఆయనకు ఆ మాట రావడానికి పదేళ్లు పట్టింది, నువ్వూ ఆగాలి నాన్నా" అంటూ తను ఒక గుండుసూది తెచ్చి, రూటర్ వెనక ఉన్న సన్నటి రంధ్రంలో గుచ్చి, 10 అంకెలు లెక్కపెట్టింది. దీపాలన్నీ ఆరిపోయి, కాసేపటికి ఒక్కొక్కటిగా ఆకుపచ్చగా వెలిగాయి. అడుగున అచ్చువేసి ఉన్న పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, తన ఫోన్‌లో చకచకా కొత్తది పెట్టేసింది. సమావేశానికి ఇంకా 4 నిమిషాలు ఉంది.

"చెప్పమ్మా, తొందరగా" అన్నాను.

తను ఫోన్ పక్కన పెట్టి నా పడకగది వైపు చూసింది. "పక్కబట్టలు మడతపెట్టావా?"