మహారాజశ్రీ వాల్వు రేడియో గారికి

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏనాడూ క్షేమంగా ఉండరని నాలుగేళ్ళుగా చూస్తున్నాను కనుక ఆ ముక్క అడగడం లేదు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో, మూత లేని మిక్సీకీ పాత స్కూటరు సామానుకీ మధ్యన తమరు దుమ్ము కొట్టుకుని కూర్చున్న దృశ్యం ఇంకా కళ్ళకు కడుతోంది. "పలుకుద్ది సార్, ఇక్కడ కరెంటు లేదు గానీ" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. నమ్మకపోతే కొనడానికి వంక దొరకదు కదా! ఆటోలో తమరికి సీటిచ్చి నేను అంచున వేలాడుతూ వచ్చాను.

ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టాను. పలకలేదు. వాసన మాత్రం వచ్చింది.

అప్పట్లో కరెంటును కాస్త దాచుకునే కండెన్సర్లను మైనం పట్టించిన కాగితంతో చేసేవారట. అరవై ఏళ్ళకు ఆ కాగితం తేమ పీల్చి కరెంటును కార్చడం మొదలుపెడుతుంది. అందులో ఒకటి కారిందంటే, చివరన ఉండి స్పీకరుకి బలమిచ్చే ఈఎల్84 అనే గాజు గొట్టానికి, అదే వాల్వుకి, అక్కరలేని వోల్టేజీ పోయి, దాని లోపలి రేకు కొలిమిలో కర్రులా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి నేను స్విచ్చు కట్టెయ్యాలి కదా. "అబ్బ, ఎంత బాగుందో" అనుకుంటూ మరో పది సెకన్లు చూశాను. కట్టేశాక చెయ్యి పెడితే కండెన్సరులో మిగిలిన రెండొందల చిల్లర వోల్టులు మోచేతి దాకా వచ్చి పలకరించి పోయాయి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఒకప్పుడు వాల్వులు చేసేవారు. ఇప్పుడు ఈఎల్84 కావాలంటే స్లొవేకియా నుంచో రష్యా నుంచో రావాలి. అక్కడైనా ఇంకా చేస్తున్నారంటే తమ మీద గౌరవంతో కాదు, గిటారు వాయించేవాళ్ళ ఆంప్లిఫయర్ల కోసం. ఆ జులపాల కుర్రాళ్ళ పుణ్యాన తమరు బతికి ఉన్నారు.

స్టేషను చూపించే ముల్లును జరిపే తమ డయల్ తాడు సంగతి ఎత్తకూడదనుకున్నాను. కానీ ఎత్తక తప్పదు. ఒక డ్రమ్ము, మూడు గిలకలు, ఒక స్ప్రింగు, మూరెడు దారం. ఇంతే కదా అనిపిస్తుంది. మొదటిసారి చుట్టినప్పుడు నాబ్ కుడికి తిప్పితే ముల్లు ఎడమకు పోయింది. రెండోసారి ముడి గిలకలో ఇరుక్కుంది. మూడోసారి బలంగా ఉంటుందని సంక్రాంతికి మిగిలిన మాంజా వాడాను; అది గిలకనే కోసింది. చివరికి మా ఆవిడ కుట్టుమిషను దారం మూడు పేటలు వేసి, కొవ్వొత్తి రాసి, దంతవైద్యుడిలా టార్చి నోట్లో పెట్టుకుని ముడి వేశాను. వేసవి అంతా పనిచేసింది. వానలు పడగానే దారం సాగి, విజయవాడ ఆకాశవాణి తన చోటు నుంచి అర అంగుళం జరిగిపోయింది. పైగా తమ డయల్ మీద అంకెలన్నీ మీటర్లలోనే. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే మూడు లక్షలను దానితో భాగించి, 358 మీటర్లు అని తేల్చుకుని, ఆ 358 దగ్గర కాకుండా సాగిన దారం లెక్క కలుపుకుని వెతకాలి. ఇంత లెక్క నేను ఇంటర్‌లో చేసి ఉంటే ఇంకో కాలేజీలో సీటు వచ్చేది.

నిజానికి ఈ తిప్పలేవీ అక్కరలేదు. ప్రసార భారతి వారి యాప్‌లో ఇదే విజయవాడ గరగర అన్నది లేకుండా వినిపిస్తుంది. తమరి ఫిలమెంట్లు ఎర్రబడి నోరు విప్పేలోపు ఫోను వార్తల్లో సగం చదివించేస్తుంది. నా బల్ల మీద బొటనవేలంత యూఎస్‌బీ ముక్క ఒకటి ఉంది. టీవీ చూడటానికి చేసిన చిప్పు. దాన్ని రేడియోగా కూడా వాడుకోవచ్చని 2012లో బయటపడింది. చిన్న కన్వర్టరు ఒకటి తోకలా తగిలిస్తే, విజయవాడ లాంటి స్టేషన్లుండే మీడియం వేవ్ మొత్తం ఒకేసారి కంప్యూటరు తెర మీద జలపాతంలా దిగుతుంది. ఏ స్టేషను ఎక్కడుందో గీతలు గీసి చూపిస్తుంది. వారం రోజులు వాడాను. ఒక్కసారి కూడా వాసన రాలేదు. బోరు కొట్టి పక్కన పడేశాను.

కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలమ్మే పెద్దాయన తమ సర్క్యూట్ చూసి, "ఇది పూర్తిగా బాగైపోతే తర్వాత మీరేం చేస్తారు సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా రెండు రెసిస్టర్లు ఎక్కువ కొనుక్కుని వచ్చేశాను.

మా ఇంట్లో తమ మీద ఉన్న ఫిర్యాదు వేరు. మీడియం వేవ్‌కి ఎల్ఈడీ బల్బులు పడవు, ఫోను ఛార్జర్లు పడవు, వైఫై పెట్టె అడాప్టరు అసలు పడదు. తమరి గొంతు వినాలంటే ఇల్లంతా చీకటి చెయ్యాలి. "ఏమండీ, పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసుంది" అని ఆవిడ వంటింట్లోంచి, "విజయవాడ దొరికింది, ఒక్క నిమిషం" అని నేను హాల్లోంచి. అన్నీ కట్టేశాక కూడా బుర్రుమంటుంది. పక్క ఫ్లాటు వాళ్ళ బల్బులు కట్టెయ్యమని ఏ మొహంతో అడగను?

మొన్న వానకి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తే తమరు తుమ్మెదల గూడులా ఝుమ్మన్నారు. రాత్రి పదింటికల్లా కాలనీలో ఇన్వర్టర్లన్నీ చేతులెత్తేశాయి. పగలు మీడియం వేవ్‌ని మింగేసే ఆకాశపు కింది పొర చీకటి పడ్డాక పోతుంది, పై పొరకు తగిలి దూరపు స్టేషన్లు దిగుతాయి. గాలిలో ఒక్క గరగర లేదు. నాలుగేళ్ళుగా నేను కోరుకున్న రాత్రి అదే. తమరు నోరెత్తలేదు. తమరికీ కరెంటే కావాలి కదా!

కిటికీ గట్టు మీద మా నాన్నగారి రేడియో ఉంది. అరచేతిలో పట్టేంత, రెండు పెన్సిల్ సెల్లులు. అందులో విజయవాడ పాట వస్తోంది, గదిలో కూర్చుని పాడినట్టు. "నాన్నా, మీ చిన్నప్పుడు ఇంట్లో వాల్వు సెట్టే కదా, ఆ మాధుర్యం..." అని నేను మొదలుపెట్టబోతే, "ఆ దయ్యాన్ని వదిలించుకోవడానికే కదరా జీతం రాగానే ట్రాన్సిస్టర్ కొన్నాను" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆయన నిద్రపోయాక ఆ బుల్లి రేడియోని తీసి తమ పెట్టె వెనకాల, స్పీకరు గుడ్డ దగ్గర పెట్టాను. ముందుకొచ్చి కుర్చీలో కూర్చున్నాను. తమరి నాబ్ కూడా కాస్త తిప్పాను. బాగానే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: కరెంటు వచ్చాక పెడితే తమ గొంతులో ఎడమ వైపు నుంచి కొత్త చిటపట ఏదో వినిపిస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోలేదు.