బీరువాలో పాస్‌పోర్టు, వీధిలో తుపాకులు

2023 ఏప్రిల్ 15, శనివారం. రంజాన్ మాసం చివరి రోజులు. సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో పొద్దెక్కకముందే తుపాకులు మోగాయి. అంతవరకూ కలిసి దేశాన్ని ఏలిన ఇద్దరు జనరళ్లు, సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళాల అధినేత దగాలో, ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. మొదటి రోజే విమానాశ్రయం మూతపడింది. బతుకుదెరువు కోసం అక్కడికి వెళ్లిన ఒక భారతీయుడు తన ఫ్లాట్‌లో ఉండగానే దారితప్పిన తూటాకు బలయ్యాడు.

అక్కడ చిక్కుకున్న భారతీయులను తరలించడానికి మన ప్రభుత్వం చేపట్టిన ‘ఆపరేషన్ కావేరి’లో మొదటి నౌక ఐఎన్‌ఎస్ సుమేధ 278 మందితో ఎర్రసముద్ర తీరంలోని రేవు పోర్ట్ సూడాన్ నుంచి సౌదీలోని జెడ్డాకు బయలుదేరింది ఏప్రిల్ 25న. ఆ నౌక గురించి చాలా రాశాం, చాలా చదివాం. దానికి ముందరి పది రోజులే మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతున్నాయి. ఖార్తూమ్‌లో చిక్కుకున్న మనవాళ్లకు కరెంటు లేదు, కుళాయిలో చుక్క నీరు రాదు. కిటికీకి దూరంగా, నేల మీద పడుకోవాలి. మిగిలిన ఛార్జింగ్‌తో ఇంటికి ఫోను చేయాలా, ఎంబసీకి చేయాలా అని తేల్చుకోవాలి. బయటకు రావద్దంటే తిండి అయిపోతోంది. వస్తే దారిలో ఏ చెక్‌పోస్టు ఎవరిదో తెలియదు. ఖార్తూమ్ నుంచి పోర్ట్ సూడాన్ సుమారు 850 కిలోమీటర్లు. బస్సు దొరకాలి, డీజిల్ దొరకాలి, చేతిలో నగదు ఉండాలి. ఆ దారి దాటినవారినే నౌక ఎక్కించుకోగలిగింది.

మొత్తం 3,862 మందిని కేంద్ర ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. ఖార్తూమ్ దగ్గర దీపాలు లేని వాదీ సయ్యిద్నా ఎయిర్‌స్ట్రిప్‌పై రాత్రిపూట విమానం దింపి 121 మందిని తీసుకొచ్చిన వాయుసేన పైలట్లకు ఈ దేశం రుణపడి ఉంది. 1990లో కువైట్ నుంచి లక్షన్నరకు పైగా జనాన్ని తరలించిన దేశం మనది. విమానాలు పంపడంలో మనకు లోటు లేదు. విమానం దాకా మనిషి చేరే దారి గురించే మన ఆలోచన ఇంకా మొదలుకాలేదు.

ఆ దారిలో మొదటి అడ్డు పాస్‌పోర్టు. గల్ఫ్‌కు వెళ్లిన జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల వారిని అడగండి. దిగిన రోజే కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టేస్తాడు. చట్టాలు కూడదంటున్నా ఈ అలవాటు పోలేదు. ఊరు తగలబడితే యజమాని ముందు తన కుటుంబంతో వెళ్లిపోతాడు, బీరువా తాళం అతనితోనే పోతుంది. ఖార్తూమ్‌లో సూడాన్ పౌరులకే ఇలాంటి గతి పట్టింది. వీసా కోసం ఇచ్చిన పాస్‌పోర్టులు కొన్ని పాశ్చాత్య దేశాల ఎంబసీల్లో ఉండిపోయాయి. దౌత్యాధికారులు తలుపులు మూసి వెళ్లిపోయారు. సొంత దేశం దాటడానికి కాగితం లేక ఆ మనుషులు యుద్ధం మధ్యే మిగిలారు. మన 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ప్రతి పాస్‌పోర్టూ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని లాక్కున్న యజమాని కూలివాడి వస్తువునే కాక భారత ప్రభుత్వ వస్తువును కూడా పట్టుకున్నట్టే. మరి ఢిల్లీ ఆ మాట గల్ఫ్ దేశాల ప్రభుత్వాలతో గట్టిగా ఎందుకు అనదు? కలహం పుట్టాక పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం రాసివ్వడం కన్నా ముందే ఆ బీరువా తెరిపించడం తేలిక.

రెండో అడ్డు, ఎవరు ఎక్కడున్నారో తెలియకపోవడం. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులకు పిల్లల గొంతు వినపడలేదు. అదే ఏడాది మే నెలలో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై పడ్డప్పుడు, అక్కడ వైద్యం చదువుతున్న మన పిల్లలు గదుల తలుపులు బిగించుకుని రాత్రి గడిపారు. ఎంబసీలో పేరు నమోదు చేసుకోవాలని అధికారులు ఎప్పుడూ చెబుతారు. వీసా గడువు దాటి ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా దాక్కుని, బతుకుతున్నవాడు ఆ గడప తొక్కడానికే భయపడతాడు. కానీ ఎంబసీ దగ్గర లేని చిరునామా ఊళ్లో తల్లి దగ్గర ఉంటుంది. ఏ నగరం, ఏ కంపెనీ, ఏ గది, పక్క గదిలో ఎవరు, అన్నీ ఆమెకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు, తెలంగాణలో పంచాయతీలు ఆ వివరాలు రాసుకుని ఆరు నెలలకోసారి సరిచూస్తే చాలు. ఆ జాబితాను ప్రాణరక్షణకు తప్ప మరి దేనికీ వాడబోమని ప్రభుత్వాలు మాట ఇవ్వాలి. లేకపోతే ఏ తల్లీ నోరు విప్పదు.

ఇక, తిరిగొచ్చినవాడి సంగతి. విదేశాలకు పనికి వెళ్లేవారి కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు ఇస్తుంది. ప్రాణాలతో వచ్చి, రావాల్సిన జీతం అక్కడే వదిలేసినవాడికి అందులో ఏమీ లేదు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుకు మాత్రం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వలస కార్మికుల కోసం 1983 నాటి చట్టాన్ని మార్చాలన్న చర్చ ఏళ్లుగా సాగుతోంది. అల్లర్ల వల్ల పని ఆగిపోతే బకాయి జీతం ఎవరు చెల్లించాలి, ఏజెంటు ఎంత వెనక్కి ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా కొత్త చట్టం రాకూడదు. ఆ జవాబు రాయించే బాధ్యత మన రెండు రాష్ట్రాల ఎంపీలది.