వేలు పడలేదు

ఆకలి కడుపులో పుడుతుందని ఇన్నాళ్లూ పొరబడ్డాం. ప్రభుత్వం వారు కళ్లు తెరిపించారు. అది కుడిచేతి బొటనవేలి కొసన, అరంగుళం మేర, గీతల రూపంలో ఉంటుందట. గీతలు అరిగిపోతే ఆకలి కూడా తీరిపోయినట్టే లెక్క. రేషన్ షాపులో వేలిముద్ర ఆధార్‌తో కలిస్తేనే బియ్యానికి ఒప్పుకునే ఈపాస్ మిషన్ ప్రతి నెలా ఈ సంగతి రుజువు చేస్తోంది. కాదనడానికి డీలరుకి అధికారం లేదు, క్యూలో ఉన్నవాళ్లకి ఓపిక లేదు.

2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, అతి పేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. తెలంగాణ తన కిలో కలిపి 6 ఇస్తోంది. 2023 జనవరి నుంచి ఈ 5 కిలోలకి పైసా కట్టక్కర్లేదు. డబ్బు కట్టే పని పోయింది గాని, వేలు పెట్టే పని పోలేదు.

మిరప యార్డులో తొడిమలు తీసే ఒక మామ్మని మిషన్ ముందుకి రానివ్వండి. కుడి బొటనవేలు పెట్టింది. మిషన్ కాసేపు ఆలోచించి 300 అంది. ఆ అంకెకి అర్థం 'బయోమెట్రిక్ సరిపోలేదు' అని. మన భాషలో చెప్పాలంటే 'నువ్వు నువ్వు కాదు' అని.

"ఇంకో వేలు పెట్టు మామ్మా."

చూపుడు వేలు పెట్టింది. 300. ఇక్కడి నుంచి క్యూ మొత్తం ప్రయోగశాల అయిపోతుంది. వేలు తలకి రుద్దుకుంటే నూనె అంటి ముద్ర పడుతుందని ఒకాయన, నిమ్మచెక్క రుద్దమని ఇంకొకావిడ. చెంగుతో తుడుచుకోమని ఒకరు, తుడిస్తే ఉన్న గీతలు కూడా పోతాయని మరొకరు. గట్టిగా అదమమంటారు. గట్టిగా అదిమితే గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయి అసలుకే మోసం. ఎవరూ చూడనిది మిషన్ మీది అద్దం. పొద్దుటి నుంచి వందమంది చెమటా నూనే దాని మీద పొరలు కట్టి ఉన్నాయి. పైగా తొమ్మిదింటి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచి, మిషన్‌ని నీడకి తిప్పి, మామ్మ చేతిని సబ్బుతో కడిగించి, తడిగుడ్డ ఒక్క నిమిషం పట్టుకోమని, పనిలో తక్కువ అరిగే ఎడమ ఉంగరపు వేలు పెట్టిస్తే పడొచ్చు. డీలరు మాత్రం పదివేళ్లనీ వరసగా పెట్టించి, పదకొండోది లేనందుకు విచారించి, "సాయంత్రం రా మామ్మా" అన్నాడు. సాయంత్రానికి గీతలు మొలుస్తాయనుకున్నాడేమో.

కంటిపాపతో అయినా చూడొచ్చు కదా అంటారు. నిజమే, ఐరిస్ పరికరం ఉంటుంది. శుక్లం వచ్చిన కంటికి అదీ పని చేయడం కష్టమే. సరే, ఓటీపీ. ఆ ఫోన్ నెంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఆరుసార్లు మోగాక ఎత్తాడు.

"ఏదో నెంబరొచ్చిందంట, చెప్పరా అయ్యా."

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు రోజూ మెసేజ్ పెడతన్నారే అమ్మా. నువ్వు నిజంగా అమ్మవేనా?"

తల్లి తల్లేనని మిషనూ నమ్మలేదు, కొడుకూ నమ్మలేదు.

ఏజెన్సీలో ఈ ముచ్చట కూడా ఉండదు. సిగ్నల్ ఏ గుట్ట మీద తగిలితే డీలరు మిషన్ పట్టుకుని ఆ గుట్టెక్కుతాడు, జనం వెనకే వెళతారు. పైన వేలు, కింద బియ్యం. కొండెక్కి దర్శనం చేసుకుని దిగితే ప్రసాదం అన్నమాట.

ఇక్కడో పాత కథ గుర్తుచేసుకోవాలి. తెలుగులో 'వేలిముద్రగాడు' అనేది తిట్టు. 1990ల మొదట్లో నిశానీ వేయడం నామోషీ అని, సంతకం నేర్చుకోమని ఊరూరా రాత్రి బడులు పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్న ఊపులో సారాకొట్టు మూయించారు. అంత కష్టపడి వేలిని దాచేసి పలక పట్టిన తరాన్ని, ముసలితనంలో మళ్లీ పిలిచి వేలు చూపించమంటున్నాం. పిల్లల సంగతి ఇంకోలా ఉంది. ఐదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకి ఇంకోసారి మళ్లీ ఇచ్చి రావాలి. అది తెలియని ఇంట్లో పిల్లాడు ఈకేవైసీలో, అంటే కార్డులోని మనుషుల్ని ఆధార్‌తో సరిచూసే తనిఖీలో, 'లేడు'. అన్నం తినేటప్పుడు మాత్రం ఉంటాడు.

ఇదంతా దొంగల్ని పట్టడానికట. సంతోషం. రేషన్‌లో దొంగతనం రెండు రకాలు. ఒకరి పేరు మీద ఇంకొకరు తీసుకోవడం ఒకటి, పేరు సరిగ్గానే రాసి తూకంలో కొట్టేయడం రెండోది. మిషన్ మొదటి దాన్నే చూస్తుంది. కాటా మీద బియ్యంతో పాటు రేకు డబ్బా బరువు కూడా తూగితే మిషన్‌కి ఏం బాధ? 5 కిలోలని రసీదు కొట్టేస్తుంది. మనిషి వచ్చాడని ఒప్పుకుంటుందే గాని, సంచిలో ఎంత పడిందో, బయటికెళ్లాక ఆ సంచి ఏ ఆటో ఎక్కిందో దానికి అనవసరం.

2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా అనే ఓడ చూశాం. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ "సీజ్ ది షిప్" అన్నది ఆ ఓడ గురించే. అందులో 1,320 టన్నులు రేషన్ బియ్యమేనని అధికారులు తేల్చారు. మనిషికి 5 కిలోల చొప్పున లెక్కేస్తే 2,64,000 మంది నెల తిండి. గోదాములు, లారీలు, మిల్లులు, రేవు, ఇన్ని గుమ్మాలు దాటి వచ్చిన ఆ బియ్యాన్ని దారిలో ఎవరైనా 'ఏదీ, వేలు పెట్టు' అన్నారా? 300 అని ఎక్కడైనా వచ్చిందా? లారీకి నిమ్మచెక్క రుద్దారా? మామ్మ 5 కిలోల దగ్గర పదివేళ్లూ తనిఖీ చేసిన రాజ్యానికి ఓడంత దొంగతనం ఓడెక్కేదాకా కనపడలేదు. సిగ్గుండాలి.

2017 సెప్టెంబరులో జార్ఖండ్ సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్ జోడించలేదని ఆ ఇంటి కార్డు అంతకుముందే తీసేశారు. 'భాత్, భాత్' (అన్నం, అన్నం) అంటూనే పోయిందని తల్లి చెప్పింది. కాదు, మలేరియా అంది ప్రభుత్వం. మలేరియాయే అనుకుందాం, ఆ ఇంటి బియ్యం ఆపిన జబ్బు పేరేమిటి? నెల తిరక్కముందే, అక్టోబరు 24న, కేంద్రం రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. ఆధార్ లేదని కార్డు తీసేయకండి, వేలు పడలేదని, సిగ్నల్ లేదని బియ్యం ఆపకండి, కార్డు చూసి ఇచ్చి విడిగా రిజిస్టరులో రాసుకోండి అని. అంటే మామ్మకి మొదటి 300 దగ్గరే దారి ఉంది. ఆ రిజిస్టరు ఏదని డీలరుని అడగండి. ఉంటే దాని మీద మిషన్ పెట్టి ఉంటుంది.

బియ్యం ఇవ్వకపోతే చట్టంలో 8వ సెక్షన్ కింద భృతి కూడా ఉంది. మద్దతు ధరకి ఒకటింబావు రెట్లు కట్టి, అందులోంచి చట్టంలో రాసిన ధర తీసేసి, మిగిలింది అందని కిలోలతో గుణించి ప్రభుత్వం ఇవ్వాలి. రేషన్ ఫిర్యాదుల నెంబరు 1967కి ఫోన్ చేయొచ్చు. లేదా సోమవారం కలెక్టరాఫీసుకెళ్లి అర్జీ ఇవ్వొచ్చు. అక్కడ రాత్రి బడిలో నేర్చిన సంతకం చాలు, వేలు అడగరు. బియ్యం మాత్రం అక్కడ ఉండవు.