అరంగుళం గాటు, ఆకాశమంత హోర్డింగు

‘కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు! పొద్దున ఆపరేషన్, సాయంత్రం ఇంటికి!’ నడుముకు చిన్న గాటుతో చేసే కీహోల్ ఆపరేషన్ గురించి ఫ్లైఓవర్ ఎక్కగానే కనిపించే వేదవాక్యమిది. నడుములో నరాల దారి ఇరుకైన పెద్దలకు ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? కోతే లేకుండా లోపలికి ఎలా వెళ్తారని అడిగేవాళ్ళు ఒట్టి నాస్తికులు.

ఇక కౌన్సెలింగ్ గది. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక, పక్కన ప్యాకేజీ కాగితం.

“అంకుల్, సెంటీమీటరున్నర గాటు, అంతే!”

“లోపల ఎముక ఎంత తీస్తారమ్మా?”

“బయటికి మచ్చ కూడా కనిపించదు అంకుల్.”

“డెబ్బై ఏళ్ళ వీపమ్మా, చూసేవాళ్ళెవరు? ఎన్ని చోట్ల ఇరుకుంది?”

“అది డాక్టర్‌గారు చూసుకుంటారు. మీకు షేరింగ్ రూమా, సింగిల్ రూమా?”

పాపం ఆయన అడిగిందే అసలు విషయం. వయసుతో వెన్నుపూసల కీళ్ళు ఉబ్బి, వెనకున్న పసుపుపచ్చటి లిగమెంటు (పూసల్ని కలిపే పట్టీ) మందమై, ముందునుంచి పూసల మధ్య మెత్తలాంటి డిస్కు తోసుకొచ్చి నరాలు నలుగుతాయి, ఎక్కువగా ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య. కాస్త నడవగానే పిక్కలు లాగేస్తాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయి. పాత పద్ధతి ఓపెన్ ఆపరేషన్‌లో నడుం మధ్య కోసి, కండను ఎముక నుంచి ఒలిచి, వెనక కప్పులా ఉన్న ఎముకను తీసేస్తారు. కీహోల్‌లో కండ పోగుల మధ్య ఒకదాని మీదుగా ఒకటి గొట్టాలు దించి, సుమారు 18-20 మిల్లీమీటర్ల గొట్టంలోంచి మైక్రోస్కోపుతో చూస్తూ ఆ ఎముకనే కొంత అరగదీసి, ఆ లిగమెంటునే తీస్తారు. ఒక పక్కనుంచే దూరి అవతలి పక్కా ఖాళీ చేస్తారు. రక్తం తక్కువ పోతుంది, మనిషి త్వరగా లేచి తిరుగుతాడు. మంచిదే. రెండేళ్ళు పోయాక కాళ్ళ నొప్పి లెక్క చూస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఆ ముక్కకు హోర్డింగు మీద చోటు చాల్లేదు.

సన్న గొట్టంలో పనిచేస్తుండగా నరాల మీది పొర చిరిగితే కుట్టడం కష్టం. తక్కువ తీస్తే ఇరుకు మిగులుతుంది, కీలును ఎక్కువ కొరికితే నడుం వదులవుతుంది. లేజర్ అంటారా, బోర్డు మీద బాగా మెరుస్తుంది. మందపాటి ఎముక దగ్గర చాకిరీ అంతా డ్రిల్లుదే.

సరే, ఇంతవరకూ నవ్వుకోవచ్చు. “ఇప్పుడు చేయించకపోతే కాళ్ళు పడిపోతాయి” అని ముసలాయన్ని బెదిరించి సంతకం పెట్టించుకోవడం మాత్రం దగా. ఈ ఇరుకు చాలామందిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. అరవై దాటిన వాళ్ళకు ఎంఆర్ఐ తీస్తే ఏ బాధా లేనివాళ్ళలోనూ కనిపిస్తుంది. మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆ రాత్రే పరుగెత్తాలి. మిగతావాళ్ళకు ఆలోచించుకునే టైముంది, ఆ టైమునే వీళ్ళు దోచుకుంటున్నారు.

పైగా ఆ చిన్న గాటు పక్కనే ఇంకో రెండు గాట్లు పెట్టి, పూసలు కదలకుండా బిగించే స్క్రూలు దించుతారు. స్వీడన్‌లో 247 మంది మీద పరీక్షించి, ఇరుకు తీయడంతో పాటు ఎముకలు బిగించినంత మాత్రాన అదనంగా ఒరిగేదేమీ లేదని 2016లోనే తేల్చారు, ఎముక కాస్త జారినవాళ్ళను కూడా కలుపుకొని. కదిలినప్పుడు ఎముక ఎంత జారుతోందో తెలియాలంటే ముందుకోసారి, వెనక్కోసారి వంగబెట్టి రెండు ఎక్స్‌రేలు తీస్తే చాలు. అవి కూడా తీయకుండా నాలుగు స్క్రూలకూ రెండు రాడ్లకూ బిల్లు రాసే చేతిని ఏం చేయాలి?