కప్పల తక్కెడలో సున్నా

కప్పలను తూచడం సాధ్యం కాదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఒకదానిని తక్కెడలో పెట్టేలోపు మరొకటి దూకుతుంది. ఉత్తర అమెరికా శాస్త్రజ్ఞులు ఈ సత్యాన్ని గౌరవించి, తక్కెడను వదిలి వాలంటీర్ల చెవులను పట్టుకున్నారు. వసంతకాలంలో పొద్దుగూకిన అరగంట తర్వాత, చదువుకున్న పెద్దమనుషులు నీటి మడుగుల పక్కన నోరు మూసుకొని నిలబడి, బెకబెకలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. అరుపుల మధ్య ఎడం ఉండి కప్పలను లెక్కపెట్టగలిగితే 1, అరుపులు కలిసిపోతున్నా విడదీసి వినగలిగితే 2, తెరిపిలేని బృందగానమైతే 3.

2015లో ముగిసిన ఉత్తర అమెరికా ఉభయచర పర్యవేక్షణ కార్యక్రమంలో ఒక్కో దారిలో 10 చోట్ల ఆగి, చోటుకు 5 నిమిషాలు వినాల్సి ఉండేది. 3 వేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాలుగు సెంటీమీటర్లు మించని స్ప్రింగ్ పీపర్లు అనే బుల్లి కప్పలు గుంపుగా అందుకుంటే పక్కవాడి మాటే వినిపించదు. చిక్కంతా 0తోనే. టార్చిలైటు పళ్ళ మధ్య కరచుకొని, చలికి కొంకర్లుపోయిన వేళ్ళతో పెన్సిలు పట్టుకున్న వాలంటీరు, ఇంత దూరం వచ్చి సున్నా చుట్టడానికి అభిమానం అడ్డొచ్చి, మరోసారి చెవి రిక్కిస్తాడు. అప్పుడు అవతలి గట్టున ఏదో బాతులా అరుస్తుంది. ఉడ్ ఫ్రాగ్ అనే కప్ప అరుపు అచ్చం బాతు అరుపులాగే ఉంటుందని శిక్షణలో చెప్పిన సంగతి అతనికి కొండంత అండ, 1 వేసేస్తాడు. బాతు అరుపు కూడా బాతు అరుపులాగే ఉంటుందని శిక్షణలో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదనుకున్నారు కాబోలు.

నిపుణుడు మాత్రం సున్నాయే అమూల్యమంటాడు. ఏ మడుగు ఎప్పుడు మూగబోయిందో తెలియాలంటే నిజాయితీగా చుట్టిన సున్నాలే ఆధారమని, ఇందులో వేళాకోళమేమీ లేదని వివరిస్తాడు. ఆ మాటకు కరిగిపోయి వాలంటీరు సున్నాకు ఒప్పుకోగానే, కప్ప వినిపించకపోవడం వేరు, లేకపోవడం వేరని, ఉడ్ ఫ్రాగులు వసంతారంభంలో కొద్ది రోజులు మాత్రమే అరిచి ఊరుకుంటాయి కనుక సున్నాను రూఢి చేసుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలని సెలవిస్తాడు. వెళ్ళేముందు బూట్లను శుద్ధి చేయడం మరవరాదు. కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం మనుషుల బూట్లకంటిన బురదతో కూడా ప్రయాణం చేయగలదు.

వాలంటీరు బూట్లు కడుక్కొని, పాత కాగితాన్ని మరోసారి తీసి, 1ని చెరిపి 0 వేశాడు. పక్కన వ్యాఖ్యల గడిలో రాసిన మాటను మాత్రం చెరపలేదు: “బాతు అనుమానం. బాతుకూ అనుమానం వచ్చినట్టుంది, ఎగిరిపోయింది.”