మలక్‌పేట రేసుకోర్సు సందర్శకుల గైడు పుస్తకం గారికి

మహారాజశ్రీ గైడు గారి సముఖమునకు,

నమస్కారములు. ఇచ్చట మేము క్షేమము, మా మావయ్యకు వడదెబ్బ తగిలి మజ్జిగ మీద ఉండటం ఒక్కటి మినహా. అచ్చట మీరు చల్లగా, నున్నటి కాగితం మీద రంగురంగుల్లో క్షేమంగానే ఉంటారని తలుస్తాను.

"ఏడాది పొడవునా ప్రతి ఆదివారం గిట్టల చప్పుడుతో ప్రాంగణం దద్దరిల్లుతుంది" అని మీరు మొదటి పేజీలోనే సెలవిచ్చారు. అచ్చులో ఉన్న మాటను వేదవాక్కుగా భావించే తరానికి చెందిన మా మావయ్య, రాజమండ్రి నుంచి వచ్చీ రాగానే ఆ వాక్యం కింద గోటితో గీత గీసి మరీ నన్ను బయలుదేరదీశారు. మే నెలాఖరు ఆదివారం, మిట్టమధ్యాహ్నం. మీ మాట పూర్తిగా అబద్ధమని అనను. ప్రాంగణం దద్దరిల్లుతూనే ఉంది, కాకపోతే టీవీల్లోంచి వచ్చే వ్యాఖ్యాత అరుపులతో. పరుగెత్తే గుర్రాలేమో బెంగళూరులో ఉన్నాయి, వాటి మీద డబ్బు పెట్టి చెమటలు కక్కే మనుషులు మలక్‌పేటలో ఉన్నారు. ఎదురుగా ఉన్న ట్రాక్ మీద ఎండ తప్ప ఏదీ పరుగెత్తడం లేదు.

"ఏరా, గుర్రాలేవిరా?" అన్నారు మావయ్య.

"టీవీలో ఉన్నాయి మావయ్యా."

"టీవీ మా ఇంట్లో లేదా?"

ఈ ప్రశ్నకు మీ పేజీలన్నీ తిరగేసినా సమాధానం దొరకలేదు. దొరికింది పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి దగ్గర. రేసు బుక్కును నిలువుగా మడిచి, చెవి మీద పెన్సిలు దోపుకుని, కొట్టేసిన పేర్ల పక్కనే మళ్ళీ కొత్త టిక్కులు పెట్టుకుంటున్న ఆయన, తల ఎత్తకుండానే విషయమంతా చెప్పేశారు. హైదరాబాదులో గుర్రాలు పరుగెత్తేది ఇంచుమించు జులై నుంచి అక్టోబరు దాకా వానాకాలం సీజనులో, మళ్ళీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం సీజనులో. ఎండాకాలంలో ఇక్కడ చూసేదంతా పొరుగూరి పందెమే. ఆ పెద్దమనిషి రెండు ఊపిరుల్లో చెప్పిన ఈ ముక్క మీకు ఎందుకు పట్టలేదో తెలుసుకోవాలని ఉంది.

చోటు లేక కాదు కదా! 1868లో మౌలాలిలో పందేలు మొదలైన సంగతి మీకు తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో తన మహలుకు దగ్గరగా ఉంటుందని వాటిని మలక్‌పేటకు మార్పించిన సంగతీ తెలుసు. ఆయన తదనంతరం పందేలు సికింద్రాబాదుకు తరలిపోయి, 1968లో తిరిగి ఇక్కడికే చేరుకున్న వైనం కూడా పొల్లుపోకుండా రాశారు. నూటయాభై ఏళ్ళ కిందట గుర్రాలు ఏ మైదానంలో పరుగెత్తాయో సంవత్సరంతో సహా చెప్పగలిగిన మహానుభావులకు, ఈ ఆదివారం పరుగెత్తుతాయో లేదో చెప్పడం చేతకాలేదా? నిజాం గారు ఎటూ మీ గైడు కొనుక్కుని రారు. టికెట్టు కొనుక్కుని వచ్చేది మేము.

చిన్నాచితకా విషయాలు కూడా మనవి చేసుకుంటాను. "రాజసం ఉట్టిపడే మహబూబ్ మాన్షన్‌ను తప్పక దర్శించండి" అన్నారు. ఆ నిజాం గారి పాత మహలులో ఉట్టిపడుతున్నది గోడల పెచ్చులు. చేరుకోవడానికి నల్గొండ చౌరస్తా నుంచి ఆటో బేరమాడుకొమ్మన్నారు. మలక్‌పేటలో మెట్రో ఆగడం మొదలై 2018 నుంచి ఇన్నేళ్ళయిందని మీ దాకా రాలేదనుకుంటాను.

"మీ అదృష్టాన్ని పరీక్షించుకోండి" అన్న మీ ఆహ్వానం ఆ పెద్దమనిషికి చూపిస్తే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చిందని, అయినా పన్ను వేసేవాళ్ళు దాన్ని కాసినోల సరసన కూర్చోబెట్టి పందెం పూర్తి విలువ మీద మొదట 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ పిండుతున్నారని చెప్పారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇక్కడ గుర్రం ఓడినా పన్ను తప్పదు. ఈ సంగతి మీరు ఫుట్‌నోటులో కూడా వేయలేదు.

ఇంత దూరం వచ్చాక ఒక్క పందెమైనా కాయాలన్నారు మావయ్య. "నచ్చిన గుర్రంపై పందెం కాయండి, అంతే!" అని మీరు భరోసా ఇచ్చారు కదా. కౌంటరు దగ్గర ఆయన గుర్రం పేరు చెప్పారు. లోపలి మనిషి రేసు నంబరు, గుర్రం నంబరు అడిగాడు. విన్ కావాలా, ప్లేస్ కావాలా అని అడిగాడు. విన్ అంటే మొదట రావాలి. ప్లేస్ అంటే మొదటి రెండు మూడు స్థానాల్లో ఏదైనా చాలు. మొదటి రెండింటినీ చెబితే క్వినెల్లా, మొదటి మూడింటినీ వరసగా చెబితే తనాలా. ఇవన్నీ మాకు వెనక వరసలో నిలబడినవాళ్ళు విసుక్కుంటూ చెప్పారు. వాళ్ళు చెప్పి, మావయ్య విని, "అయితే ప్లేస్ ఇవ్వు నాయనా" అనేలోపు బెంగళూరులో గుర్రాలను వదిలే గేటు తెరుచుకుంది, మలక్‌పేటలో కౌంటరు మూతపడింది. ఆ గుర్రం మొదట వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు అన్నం దగ్గర కూడా దాని ప్రస్తావనే.

అసలు మీరు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళారా? గేటులోపల అడుగు పెట్టారా? మీ అట్ట మీద డెక్కన్ డెర్బీ బొమ్మ వేసుకున్నారు. అది ఆనవాయితీగా అక్టోబరు 2న జరిగే పందెం. దేశంలో ఏ బడిపిల్లవాణ్ణి లేపి అడిగినా చెప్పే తేదీ అది, గాంధీ జయంతి. ఆ ఒక్క తేదీ ఆ బొమ్మ కింద వేసి ఉంటే నేను మావయ్యను అక్టోబరులోనే రమ్మనేవాణ్ణి. బొమ్మ వేయడం తెలిసినవాళ్ళకు తేదీ వేయడం తెలియకపోవడం అజ్ఞానం కాదు, నిర్లక్ష్యం. చదివేవాడి మధ్యాహ్నమంటే, వాడి వెంట వచ్చిన పెద్దవాళ్ళ ఒళ్ళంటే లెక్కలేనితనం.

తదుపరి ముద్రణలోనైనా సీజను నెలలు, ఆ వారం పందెం ఉందో లేదో ఎక్కడ కనుక్కోవాలో రెండు వాక్యాలు వేయండి. చోటు చాలదంటారేమో, పేజీకొకటి చొప్పున వాడిన "రాజసం" అన్న మాట తీసేయండి, సరిపోతుంది.

ఇట్లు,
టీవీలో గుర్రాలను చూడటానికి టికెట్టు కొన్న మీ పాఠకుడు