ఆ ఫోటోలో నాకు 102 జ్వరం

పోయిన నెల నేను పెట్టిన ఫోటో కింద "అబ్బ, ఎంత అదృష్టమో" అని చాలామంది రాశారు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, నీళ్ల మీదికి వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద నల్ల కళ్లద్దాలతో నవ్వుతున్న నేను. అందరికీ థాంక్స్. ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఆ ఫోటో దిగేటప్పటికి నాకు 102 జ్వరం. దిగిన పావుగంటకి అదే చెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాను. ఆ కళ్లద్దాలు ఎండకి పెట్టుకున్నవి కావు. రాత్రంతా బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగి పీక్కుపోయిన కళ్లు ఎవరికీ కనబడకూడదని పెట్టుకున్నవి.

మరి ఎందుకు పోస్ట్ చేశావు అంటారా? ఇంత డబ్బు పోసి వచ్చాం కాబట్టి. ఈ ఒక్క మాట ఆ ఆరు రోజుల్లో మా చేత ఎన్ని తెలివితక్కువ పనులు చేయించిందో చెప్తాను.

మొదటి రోజు పడవలోనే మొదలైంది. దీవికి రెండు గంటల ప్రయాణం. వికారానికి మాత్ర నా బ్యాగులోనే ఉంది, అవసరమైతే అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఆ మాత్ర పడవ ఎక్కడానికి అరగంటో గంటో ముందు వేసుకోవాలట. తిప్పడం మొదలయ్యాక మింగితే అదీ వచ్చిన దారినే పోతుంది. నాది పోయింది. పైగా వీడియో బాగా వస్తుందని పడవ ముందు భాగంలో కూర్చున్నాం. కుదుపు అక్కడే ఎక్కువ. మధ్యలో కూర్చుని, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే చోట చూపు నిలిపితే కాస్త నయమని పడవ అతను చెప్పాడు, దిగేటప్పుడు.

రెండో రోజు మావాడు. 14 ఏళ్లు, ఒక్కచోట నిలబడే రకం కాదు. మోకాలి లోతు నీళ్లలో పగడపు దిబ్బ మీద జారి అరికాలి పక్కన చీరుకుంది. నెత్తురు పెద్దగా రాలేదు. "ఉప్పునీళ్లే మందు, కడిగేయండి" అన్నారు పక్కనున్న ఒకాయన. కడిగేశాం. పగడం చూడటానికి రాయిలా ఉంటుంది కానీ దాని పైన ప్రాణమున్న పల్చటి పొర ఉంటుంది. గీసుకుంటే ఆ పొర తునకలూ, సున్నపు నలుసులూ గాయంలోనే ఉండిపోతాయి. సముద్రపు నీళ్లలోని బాక్టీరియా వాటికి తోడు. మంచినీళ్లూ సబ్బూ పెట్టి, వాడు అరిచినా సరే, లోపలి నలుసంతా పోయేదాకా కడగాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. కానీ మర్నాటికి కాలు ఎర్రగా ఉబ్బడం మాత్రం నా కళ్లతోనే చూశాను. చూసి కూడా, స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలోకి చూస్తూ ఈదడం) బుక్ చేశాం, డబ్బు వెనక్కి రాదు అని ఆ కాలికి ప్లాస్టిక్ కవర్ చుట్టి వాణ్ని నీళ్లలోకి దింపాం. మా ఆయన వద్దన్నారు. దింపింది నేనే.

(ఒడ్డున సలహాలకి కొదవలేదు. జెల్లీ చేప కుట్టిన ఒకమ్మాయికి మూత్రం పోయమని చెప్పిన మహానుభావుణ్ని కూడా చూశాను. దానివల్ల ఉపయోగం లేకపోగా, ఒంటికి అంటుకున్న విషపు తిత్తులు ఇంకా చిట్లే ప్రమాదం ఉంది. ఆ పిల్ల అదృష్టం, వాళ్లమ్మ ఒప్పుకోలేదు.)

ఆ రాత్రే నా వంతు. ఐసు వల్లో, కోసి పెట్టిన పండ్ల వల్లో తెలీదు. అర్ధరాత్రికి విరేచనాలు, తెల్లవారేసరికి జ్వరం. మా ఆయన విరేచనాలు ఆపే మాత్ర తీశారు. జ్వరం ఉన్నా, నెత్తురు పడుతున్నా ఆ మాత్ర సొంతంగా వేసుకోకూడదని ఎక్కడో చదివిన గుర్తుతో వద్దన్నాను. ఆ ప్రయాణంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లలేదు. లీటరు నీళ్లకి టీ చెంచాతో సమంగా కొలిచిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఈ లెక్క తెలుసు కాబట్టి బతికిపోయాను. గదిలో టీ కోసం పెట్టిన చిన్న చిన్న పంచదార పొట్లాలు చింపి, కెటిల్‌లో కాచి చల్లార్చిన నీళ్లలో కలుపుకున్నాం. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల కొద్దీ తాగించి ఎంతోమందిని నిలబెట్టారు. దాని ముందు నా కష్టం ఏపాటిది! కానీ ఒక్కటి అడగాలని ఉంది. మా టూర్ వాళ్లు పంపిన "తెచ్చుకోవాల్సినవి" జాబితాలో టోపీ ఉంది, కళ్లద్దాలు ఉన్నాయి, ఏ రోజు ఏ రంగు బట్టలైతే ఫోటోలు బాగుంటాయో కూడా ఉంది. ఓఆర్ఎస్ లేదు.

పొద్దున్నే "ఒక్క ఫోటో అయినా దిగు, మళ్లీ ఎప్పుడొస్తామో" అన్నారు మా ఆయన. నాకూ అదే అనిపించింది. దిగాను. మంచం మీద పడుకుని ఆ ఫోటో పెట్టి, లైకులు చూసుకుంటూ, బకెట్ పక్కన పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి లేవలేకపోయాను. దీవి అంటే చుట్టూ నీళ్లున్న భూమి అని మూడో తరగతిలో బట్టీ పట్టాను. ఆసుపత్రికీ మనకీ మధ్య కూడా నీళ్లే ఉంటాయని ఆ రోజు అర్థమైంది. అక్కడ ఉన్నది ఒక గది, ఒక నర్సు. డాక్టర్ వచ్చేది వారంలో రెండు రోజులు. గాలి ఎక్కువై పడవలు ఆపేశారు. ఆ నర్సమ్మ నాకు సెలైన్ ఎక్కించి, మావాడి కాలి కవర్ విప్పి చూసి, నా వైపు ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది. అరగంట కూర్చుని గాయం శుభ్రం చేసింది. పక్క మంచం మీద స్కూటర్ జారి మోచెయ్యి చెక్కుకుపోయిన కుర్రాడు. హెల్మెట్ లేదు, లైసెన్సూ లేదు. అలాంటి కేసులకి చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు డబ్బు ఇవ్వవని వాడికి అప్పుడే తెలిసింది. మా పాలసీ కాగితం అప్పటిదాకా నేనూ విప్పలేదు. అత్యవసరంగా పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో సెలైన్ ఎక్కుతుండగా ఫోన్లో వెతుక్కున్నాను.

ఇంటికొచ్చాం, అయిపోయింది అనుకున్నాం. వచ్చిన ఐదో రోజు మా ఆయనకి జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా ఎవరో కొట్టినట్టు. డెంగీ. కుట్టిన 4 నుంచి 10 రోజుల్లోపు బయటపడుతుందట. అంటే దీవి మీదే తగిలించుకుని ఉంటారు. దోమల క్రీము రోజూ రాత్రి రాసుకున్నాం, కానీ ఆ దోమ పగలు కుడుతుంది. పొద్దున్నా, సాయంత్రం చీకటి పడకముందూ మరీ ఎక్కువ. సరిగ్గా మేము ఫోటోలు దిగే వేళలు. ఒళ్లు నొప్పులకి ఈయన ఐబూప్రోఫెన్ వేసుకున్నారు. డాక్టరు అది వెంటనే మాన్పించారు. డెంగీలో అది రక్తస్రావానికి దారితీయవచ్చు, పారాసెటమాల్ ఒక్కటే వాడాలి అన్నారు. జ్వరం తగ్గిందని సంబరపడొద్దు, తగ్గాక ఒకటి రెండు రోజులే అసలు గండం అని కూడా చెప్పారు. ఆ రెండు రోజులు నేను నిద్రపోలేదు.

నా కోపం దీవి మీద కాదు, దోమ మీద కూడా కాదు. అదే జ్వరం ఇంట్లో వస్తే ఆఫీసుకి సెలవు పెట్టి ముసుగుతన్ని పడుకుంటాం. సెలవులో వస్తే మాత్రం లేచి ముస్తాబవుతాం. విశ్రాంతి కోసం వెళ్లిన చోట పడుకోవడం డబ్బు దండగ అనిపించడం ఏం జబ్బో!

ఆ ఫోటో తీసెయ్యమని మావాడు పోరుతున్నాడు. తియ్యను. దాని పక్కన వాడే తీసిన ఇంకోటి పెడుతున్నాను, ఆ నర్సమ్మ గదిలోది. సెలైన్ స్టాండు, ముందు వాడి కాలి కట్టు, వెనక దువ్వుకోని జుట్టుతో నేను. ఇందులో కళ్లద్దాలు లేవు.